ముందు ఆర్డరు, ఆ తర్వాతే తయారీ



ఈ రోజు ఒక యాప్ గురించి మాట్లాడుకుందాం. ఊళ్లో చిన్న ఎత్తున తయారుచేసి అమ్ముకునేవాళ్ల దగ్గర మనం నేరుగా కొనుక్కునే యాప్. పక్క లైన్లో ఇడ్లీ పిండి రుబ్బే పిన్నిగారు ఉంటారు. వడియాలు పెట్టి అమ్మే ఆవిడ ఉంటారు. మగ్గం మీద చీర నేసే ఆయన ఉంటారు. వీళ్ల సరుకు ఫోన్లో చూసి కొనుక్కోవాలంటే ఆ యాప్ ఎలా ఉండాలి? మొదట్లోనే, ఇంకా ఏమీ కట్టకముందే ఆలోచించాల్సింది ఒకటుంది. ఈ పావుగంటా ఆ ఒక్కటే చెప్తాను.

అది ఇది. ముందు ఆర్డరు, ఆ తర్వాతే తయారీ. మళ్లీ చెప్తున్నాను. ముందు ఆర్డరు, ఆ తర్వాతే తయారీ.

వినడానికి మామూలుగానే ఉంది. కానీ మన ఫోన్లలో ఉన్న పెద్ద షాపింగ్ యాప్‌లు చాలావరకు దీనికి తిరగేసి కట్టినవి. అక్కడ సరుకు ముందే గోడౌన్లో పడి ఉంటుంది. మనం వేలితో నొక్కగానే బయల్దేరుతుంది. ఆ పద్ధతిని అలాగే ఎత్తుకొచ్చి పిన్నిగారి వంటింటికి తగిలిస్తే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

ముందు ఈ యాప్ ఏ ఊరికో చెప్పాలి. బిలాస్‌పూర్. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న ఊరు. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి హెడ్‌క్వార్టర్స్. ఉత్తరాంధ్రవాళ్లకి ఈ ఊరు కొత్తేమీ కాదు. విశాఖపట్నంలో కోర్బా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ దాటి అక్కడ దిగొచ్చు. తిరుపతి నుంచి కూడా నేరుగా బండి ఉంది. మనవాళ్లు అక్కడికి ఎలా చేరారంటే, అదీ రైలు వల్లే. పాత రోజుల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే అని ఒక కంపెనీ ఉండేది. 1887లో పుట్టింది. బిలాస్‌పూరూ దాని కిందే, వాల్తేరూ దాని కిందే. 1931లో రాయపూర్, విజయనగరం మధ్య లైను పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. కొలువు కోసం వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడ్డారు. పిల్లలు, మనవలు అక్కడే పెరిగారు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, పనిమనిషితో ఛత్తీస్‌గఢీ. నోరు మూడు భాషల్లో తిరుగుతుంది గానీ, పొద్దున్న టిఫిను మాత్రం ఇడ్లీయే కావాలి.

రైల్వే కాలనీ పక్కనే బుధవారీ బజార్ ఉంది. కూరగాయలు, బట్టలు, గిన్నెలు, అన్నీ దొరుకుతాయి. మరి ఇంత బజారు ఉండగా యాప్ ఎందుకు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బజార్లో కూర్చోవాలంటే మనిషి అక్కడే ఉండాలి. కొట్టుకి అద్దె కట్టాలి, లేదా నేల మీద చోటు దొరకాలి. ఇంట్లో చేసుకునే ఆడవాళ్లకి అది కుదరదు. వాళ్ల వ్యాపారం నోటి మాట మీద నడుస్తుంది. నాలుగు క్వార్టర్ల వాళ్లకి తెలుసు, ఐదో క్వార్టరుకి తెలీదు. బదిలీ మీద కొత్తగా వచ్చిన కుటుంబానికైతే అసలే తెలీదు. యాప్ పూడ్చాల్సిన ఖాళీ అదీ.

ఇప్పుడు పిన్నిగారి వంటింట్లోకి వెళ్దాం. ఇలా అనుకోండి. ఆవిడ వారానికి పది కిలోల ఇడ్లీ పిండి అమ్ముతారు. మధ్యాహ్నం మినప్పప్పు నానబోస్తారు. సాయంత్రం రుబ్బుతారు. రవ్వ కలిపి, పెద్ద గిన్నెలో మూత పెట్టి ఉంచుతారు. తెల్లారేసరికి పిండి పొంగాలి. మే నెలలో బిలాస్‌పూర్ ఎండ మీకు తెలుసు కదా, నలభై అయిదు డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ వేడికి పిండి ఐదారు గంటల్లోనే పొంగిపోతుంది. మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది. సాయంత్రానికి ఇంకెవరూ కొనరు. డిసెంబర్లో కథ వేరు. చలికి పిండి తెల్లారినా పొంగదు. గిన్నెకి దుప్పటి చుట్టి, స్టవ్ పక్కన పెట్టాలి. అంటే ఒకే పిండి, ఒకే చెయ్యి, కానీ కాలాన్ని బట్టి లెక్క మారిపోతోంది.

ఈ పిండిని పెద్ద యాప్‌ల పద్ధతిలో అమ్మామనుకోండి. స్టాక్ ఎంత ఉంది అని యాప్ అడుగుతుంది. పిన్నిగారు పది కిలోలు అని నొక్కుతారు. ఆ రోజు ఆరు కిలోలకే ఆర్డర్లు వచ్చాయి. మిగతా నాలుగు కిలోలు? ఇంట్లోవాళ్లు రెండు పూటలా దోసెలు తింటారు. ఇంకా మిగిలితే పారబోత. ఆ వారం వచ్చిన లాభం కాస్తా డ్రెయినులో పోయింది. తర్వాతి వారం భయపడి ఐదు కిలోలే రుబ్బుతారు. అప్పుడు ఎనిమిది మంది అడుగుతారు. ముగ్గురు ఉత్త చేతుల్తో వెళ్తారు. ఆ ముగ్గురూ మళ్లీ యాప్ తెరవరు.

అదే ముందు ఆర్డరు, తర్వాత తయారీ అయితే? శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్డర్లు మూసేస్తాం. అప్పటికి ఏడున్నర కిలోలు వచ్చాయి. ఆవిడ ఏడున్నర కిలోలకే పప్పు నానబోస్తారు. శనివారం పొద్దున్న అందరికీ అందుతుంది. మిగిలేది లేదు, పారబోసేది లేదు.

రైల్వే ఊరి వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. రిజర్వేషన్ చార్టు తెలుసు కదా. బండి బయల్దేరే ముందు ఆఖరి చార్టు తయారవుతుంది. తయారైపోయాక ఎంత పెద్ద ఆఫీసరు బంధువైనా ఆ కాగితంలోకి కొత్త పేరు ఎక్కించడం కష్టం. దాన్ని బట్టే బోగీలో ఎవరెక్కడో తేలుతుంది. మన యాప్‌లో కూడా ఆ చార్టు సమయమే ప్రాణం. ఎప్పుడు మూస్తారో ముందే చెప్పాలి. చెప్పిన టైముకి మూసేయాలి. పది నిమిషాలు ఆగండి, మా చెల్లెలు కూడా ఇస్తానంటోంది అంటే, వద్దు. పప్పు అప్పటికే నీళ్లలో పడింది.

అయితే ఒక మెలిక ఉంది. ఆ మూసే సమయం ఎవరు పెట్టాలి? యాప్ కట్టే కుర్రాళ్లు అందరికీ ఒకటే పెట్టేస్తారు. వాళ్లకి అది సులువు. కానీ ఇందాక మనం చూశాం. మే నెల వేరు, డిసెంబర్ వేరు. కాబట్టి తయారుచేసే మనిషే ఆ సమయం పెట్టుకోవాలి, తనే మార్చుకోవాలి. ఇది చిన్న బటనులా కనిపిస్తుంది. నా లెక్కలో యాప్ మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన బటను ఇదే.

ఇడ్లీ పిండి ఒక్కరోజు సరుకు. ఇప్పుడు వడియాల సంగతి. ఛత్తీస్‌గఢ్ వాళ్లకీ వడియాలున్నాయి. బడీ అంటారు. బూడిద గుమ్మడికాయని అక్కడ రఖియా అంటారు. దాన్ని తురిమి, మినప్పిండిలో కలిపి, చలికాలం ఎండలో పెడతారు. మన గుమ్మడి వడియాలకి తోబుట్టువులే. గుమ్మడి గింజలు, నువ్వులు కలిపి బిజౌరీ అని ఇంకో రకం కూడా చేస్తారు. పప్పులో నంచుకుంటే భలే ఉంటుంది. సరే, విషయానికొద్దాం. వీటికి ఎండ కావాలి. రెండు రోజులు మబ్బు పట్టిందంటే పని ఆగిపోతుంది. కాబట్టి వడియాల దగ్గర యాప్ తారీఖు ఖాయంగా చెప్పకూడదు. వచ్చే ఎండకి పెడతాం, ఎండాక కబురు చేస్తాం అనాలి. అలా అంటే కొనేవాళ్లు ఊరుకుంటారా? ఊరుకుంటారు. వడియాల కోసం తొందరపడే మనిషిని నేనింతవరకు చూడలేదు.

మూడోది చీర. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు వెళ్తే గంట ప్రయాణంలో చాంపా వస్తుంది. కోసా పట్టుకి పేరుపడ్డ ఊరు. మనం టస్సర్ అనే పట్టే అది. మద్దిచెట్ల ఆకు తినే పురుగుల గూళ్ల నుంచి తీసిన దారం. చాంపాలో నేతపని చేసే దేవాంగన్ కుటుంబాలున్నాయి. మన దేవాంగులు గుర్తొస్తారు. చాంపా పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక చీర మగ్గం దిగాలంటే రోజులు పడుతుంది. ఆ నేతగాడిని స్టాక్ ఎన్ని అని అడిగితే ఏం చెప్తాడు? మగ్గం మీద ఒకటుంది, బీరువాలో రెండున్నాయి అంటాడు. అతనికి కావాల్సింది ఏ రంగు, ఎప్పటికి కావాలి, బయానా ఎంత ఇస్తారు అన్న మూడు మాటలు రాసుకునే చోటు.

చూశారా. పిండికి ఒక రాత్రి. వడియానికి ఒక ఎండ. చీరకి వారాలు. మూడింటికీ స్టాక్ అనే గడి పనికిరాదు. మూడింటికీ పనికొచ్చేది ముందు ఆర్డరు, ఆ తర్వాతే తయారీ.

దీన్ని ఇంకెవరైనా చేశారా? చేశారు. ఫ్రాన్సులో 2011లో లా రూష్ కి దీ వీ అని ఒక ఏర్పాటు మొదలైంది. రైతులు, రొట్టెలు చేసేవాళ్లు తమ సరుకూ తమ ధరా తామే ఆన్‌లైన్లో పెడతారు. చుట్టుపక్కల వాళ్లు వారంలో ఆర్డర్లు ఇస్తారు. ఒక గడువుకి ఆర్డర్లు మూసేస్తారు. తర్వాత ఒక రోజు, ఒక చోట, అందరూ కలిసి సరుకు తీసుకుంటారు. ఆ చోటు నడిపే మనిషికి అమ్మకంలో కొంత శాతం. ఇంటింటికీ మోసుకెళ్లే పని లేదు. చూడ్డానికి మన వారపు సంతే. కాకపోతే సంతకి వచ్చేముందే ఎవరికేం కావాలో తెలిసిపోతుంది.

మన దేశంలో ఇంకో కథ ఉంది. 2015లో ఢిల్లీ ఐఐటీలో చదువుకున్న విదిత్ ఆత్రే, సంజీవ్ బర్న్‌వాల్ కలిసి ఫ్యాష్‌నియర్ అని ఒక యాప్ పెట్టారు. దగ్గర్లో ఉన్న బట్టల కొట్ల సరుకు ఫోన్లో చూపించడం దాని పని. ఇవాళ మనం అనుకుంటున్న యాప్‌కి దగ్గరి చుట్టమే. అది నడవలేదు. పక్క కొట్లో ఉన్నదే చూడ్డానికి జనం యాప్ ఎందుకు తెరుస్తారు? నడిచి వెళ్తారు. వాళ్లు కొట్లవాళ్లని గమనిస్తే, కొందరు అప్పటికే వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్ముకుంటున్నారు. ఆ అలవాటునే పట్టుకుని కొత్తగా మొదలుపెట్టారు. అదే మీషో. కట్టినదాన్ని వదిలేసి జనం చేస్తున్నదాన్ని చూశారు. బిలాస్‌పూర్‌లో కట్టే వాళ్లకి కూడా అదే పనికొస్తుంది.

బెంగళూరు డంజో సంగతి కూడా చెప్పాలి. అది మొదట ఒక వాట్సాప్ గ్రూపు. ఫలానాది తెచ్చిపెట్టండి అని జనం మెసేజ్ పెడితే తెచ్చి ఇచ్చేవారు. మొదలు చక్కగా ఉంది. తర్వాత యాప్ అయింది, పెద్ద పెట్టుబడులు వచ్చాయి, నిమిషాల్లో ఇంటికి చేర్చే పందెంలోకి దిగింది. 2025 మొదట్లో యాప్ ఆగిపోయింది. అంత డబ్బున్న వాళ్లే ఆ పందెంలో నిలవలేదు. ఇడ్లీ పిండి అమ్ముకునే ఊరి యాప్ ఆ పందెం జోలికి అసలు పోకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. మొదటి ఏడాది ఇంటికి డెలివరీ వద్దు. ఒక చోటు పెట్టండి. అక్కడికి వచ్చి తీసుకుంటారు.

ఏ చోటు? ఇక్కడ రైల్వే ఊరి లెక్క వేరు. చాలా ఇళ్లలో రన్నింగ్ స్టాఫ్ ఉంటారు. లోకో పైలట్లు ఉంటారు. గార్డులుంటారు, ఇప్పుడు వాళ్లని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు. వాళ్ల డ్యూటీకి పగలూ రాత్రీ లేదు. రాత్రంతా బండి నడిపి పొద్దున్న తొమ్మిదింటికి నిద్రపోయిన మనిషి ఇంటి బెల్లు డెలివరీ కుర్రాడు కొట్టాడనుకోండి. ఆ ఇంట్లో ఆ యాప్‌కి అదే ఆఖరి రోజు. కాబట్టి పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే చోటు కావాలి. కాలనీ దగ్గర్లో కిరాణా కొట్టు, పాల బూత్, అలాంటిది. ఫ్రిజ్ ఉంటే మరీ మంచిది. ఆ కొట్టాయనకి ప్యాకెట్టుకి ఇంతని ఇవ్వాలి. ఊరికే ఉంచమంటే రెండు వారాలు ఉంచుతాడు, మూడో వారం మొహం తిప్పుకుంటాడు.

ఇక ఫోన్ తెర మీద ఏముండాలి? కొనేవాళ్ల తెర గురించి అందరూ ఆలోచిస్తారు. రంగులు, బొమ్మలు, ఆఫర్లు. నేను చేసేవాళ్ల తెర గురించి చెప్తాను. పిన్నిగారి చేతులు పిండిలో ఉంటాయి. ఫోన్ చాలాసార్లు ఇంట్లో అందరిదీ. అబ్బాయి కాలేజీకి పట్టుకుపోతే సాయంత్రం దాకా రాదు. కాబట్టి ఆర్డర్లు మూశాక ఆవిడకి ఒక్క మాట చేరాలి. ఈ వారం ఏడున్నర కిలోలు. అంతే. అది గొంతుతో చెప్పే ఫోన్ కాల్ అయినా సరే, అబ్బాయి ఫోనుకి వచ్చే మెసేజ్ అయినా సరే. తెలుగులో రావాలి. పక్క వీధిలో బడీ పెట్టే ఆవిడకి హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో రావాలి. ఎవరికెంత అన్న జాబితా కాగితం మీద అచ్చువేసుకునేలా ఉండాలి. దాన్ని గోడకి మేకుకి గుచ్చి, కట్టిన ప్యాకెట్టుకి ఒక టిక్కు పెట్టుకుంటూ పోతారు.

డబ్బు మాట. ఆర్డరుతో పాటే డబ్బు రావాలి. యూపీఐ వచ్చింది 2016లో. ఇప్పుడు కూరగాయల బండి మీద కూడా దాని క్యూఆర్ బొమ్మ అతికించి ఉంటోంది. డబ్బు ముందే కట్టినవాళ్లు వచ్చి తీసుకుంటారు. కట్టనివాళ్లు ఆ రోజు సినిమాకి పోతారు. ఖాతా పెట్టుకునే అలవాటు కాలనీలో ఉంటుంది, నాకు తెలుసు. జీతాలు రాగానే తీర్చేస్తారు. తెలిసినవాళ్ల దగ్గర అది ఆవిడ ఇష్టం. యాప్ మాత్రం ముందు డబ్బే అడగాలి. వచ్చిన డబ్బు ఏ రోజుది ఆ రోజు ఆవిడ చేతికి చేరాలి. పప్పు కొనడానికి ఆవిడ దగ్గర వేరే పెట్టుబడి ఉండదు.

చట్టం మాట క్లుప్తంగా. ఇంట్లో చేసి అమ్మినా తిండి సరుక్కి ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్నవాళ్లకి ఆ పద్ధతి తేలికే. జీఎస్టీలో ఒక సంగతి చాలామందికి తెలీదు. ఇదివరకు ఆన్‌లైన్ వేదిక మీద సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్లైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చేది. 2023 అక్టోబర్ 1 నుంచి సడలించారు. టర్నోవర్ పరిమితి దాటనివాళ్లు, తమ రాష్ట్రం లోపలే అమ్ముకుంటే, పోర్టల్లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. రాష్ట్రం లోపలే, గుర్తుపెట్టుకోండి. బిలాస్‌పూర్‌లో వడియాలు పెట్టే ఆవిడ ప్యాకెట్టు కోర్బాకి వెళ్తే ఒక లెక్క. అదే యాప్ మీద విశాఖపట్నంలో ఉన్న అమ్మాయికి వెళ్తే ఇంకో లెక్క. కాబట్టి మొదటి యాప్‌లో రాష్ట్రం దాటొద్దు. యాప్ నడిపేవాళ్ల పన్నుల సంగతి వేరే ఉంటుంది. అది వాళ్ల ఆడిటరుని అడిగి తెలుసుకోవాలి.

ఇంత చెప్పి, ఇప్పుడు యాప్ కట్టమంటానా? ఇప్పుడే వద్దంటాను. ముందు యాప్ లేకుండా నడపండి. ఒక వాట్సాప్ గ్రూపు. ఐదారుగురు చేసేవాళ్లు. ఒక కాలనీ. వారానికి ఒక రోజు. ఆర్డర్లు నోటుబుక్కులో రాయండి. గడువుకి మూసేయండి. కూడిక మీరే వేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పండి. రెండు నెలలు ఇలా చేస్తే మీ చేతికే నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. కూడికలు వేయడంలో తల తిరుగుతుంటే, ముందు దాన్నే యాప్ చెయ్యాలి. డబ్బు ఎవరు కట్టారో వెతుక్కోవడంలో గంటలు పోతుంటే, ముందు అదే చెయ్యాలి. నొప్పి లేని చోట యాప్ అక్కర్లేదు.

నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంతమంది గ్రూపులో చేరారని చూడకండి. చేరడానికి ఖర్చేముంది? మొదటి వారం మొహమాటానికి కొంటారు. మూడో వారం, నాలుగో వారం కూడా ఎవరు ఆర్డరు పెట్టారో చూడండి. చేసేవాళ్ల వైపు కూడా చూడండి. ఒక్కావిడ తనంత తానుగా, వచ్చే వారం కారప్పొడి కూడా పెడతాను రాసుకోండి అందంటే, ఏదో కుదిరినట్టే.

చివరగా ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు తెరిచారు. దళారీ లేకుండా రైతే తన కూరగాయ తూచి ఇచ్చే చోటు. పాతికేళ్లు దాటినా జనం అక్కడికి పోతూనే ఉన్నారు. అది యాప్‌తో మొదలైంది కాదు. ఒక చోటు, తెలిసిన సమయం, బోర్డు మీద ధర. ఈ మూడూ ఉన్నచోట జనం వస్తారు. బిలాస్‌పూర్ యాప్ కూడా వీటి మీదే నిలబడాలి. వాటికి తోడు అది చెయ్యగలిగేది ఒకటుంది. రేపు ఎంత కావాలో ఇవాళే చెప్పడం. ముందు ఆర్డరు, ఆ తర్వాతే తయారీ.

బిలాస్‌పూర్‌లో గానీ, ఖరగ్‌పూర్‌లో గానీ, మీరున్న ఊళ్లో గానీ, ఇలాంటి యాప్ కడతామనే పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లకి ఈ వారం ఒక పని అప్పజెప్పండి. కంప్యూటర్ మూసి, ఇంట్లో చేసి అమ్మేవాళ్ల దగ్గరికి వెళ్లమనండి. యాప్ కావాలా అని అడగొద్దని చెప్పండి. కావాలనే అంటారు, మర్యాదకి. పోయిన నెల మీ దగ్గర ఏం మిగిలిపోయింది, దాన్ని ఏం చేశారు అని అడగమనండి. చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకురమ్మనండి. ఆ తర్వాతే కోడ్ రాయమనండి.